పెరటిలో నీటి దారి



పెరడు తీర్చిదిద్దుకొనుట యనగానే చాలమంది మొదట అడుగు ప్రశ్న, "ఏ మొక్కలు వేయమంటారు?" అని. మొక్కల బండి వీథిలోనికి వచ్చినప్పుడు నాలుగు పూలమొక్కలు కొని, ఖాళీ కనబడిన చోటనెల్ల గుంటలు తీసి నాటుదుము. రెండు నెలలు తిరుగునప్పటికి వానిలో రెండు ఎండిపోవును. ఒకటి కుళ్లిపోవును. మిగిలినది దారికి అడ్డముగా పెరుగును. "మా చేతికి మొక్కలు రావండీ" అని మనలను మనమే నిందించుకొందుము. చేతిలో దోషమేమియు లేదు. మొక్కకంటె ముందు చూడవలసినది ఒకటి యున్నది. వాన కురిసినప్పుడు మన పెరటిలో నీరు ఎటునుండి వచ్చి ఎటు పోవుచున్నదో చూడవలెను. అది తెలిసినచో బాట ఎచ్చట వేయవలెనో, గుంట ఎచ్చట తీయవలెనో, అరటి ఎచ్చట నాటవలెనో చాలవరకు తనంతట తానే తేలును.

ఈ సంగతి నేను పుస్తకములు చదివి నేర్చుకొనలేదు. పొరపాటు చేసి నేర్చుకొంటిని.

మా యిల్లు హైదరాబాదు శివారున 200 చదరపు గజముల స్థలములో నున్నది. ముందు చిన్న వాకిలి, ప్రక్కన మనిషి నడచుటకు చాలిన సందు, వెనుక 28 అడుగుల పొడవు, 14 అడుగుల వెడల్పు గల పెరడు. ఆ పెరటిలో ఒక మునగచెట్టు, ఒక కరివేపచెట్టు, రెండు మల్లెపొదలు ఉండెడివి. తక్కినదంతయు ఎర్రమట్టి. వానాకాలమున బురద కాళ్లతో ఇంటిలోనికి వచ్చుచున్నదనియు, మునగాకు ఊడ్చలేక చచ్చుచున్నామనియు ఇంటిలో ఒకటే గొడవ. 2009లో నేను పెరడంతయు సిమెంటు చేయించితిని. మేస్త్రీ మూడు దినములలో పని ముగించి, మునగచెట్టు చుట్టు జానెడు మట్టి మాత్రము విడిచిపెట్టి, "ఇక మీకు జన్మలో చీపురు పని లేదండీ" అని చెప్పి వెళ్లినాడు. చూచుటకు బాగుగనే యుండెను.

మొదటి పెద్దవాన పడిన రాత్రి వంటింటి వెనుక గుమ్మము దాటి నీరు లోపలికి వచ్చినది. దానిని తప్పించుటకు ప్రహరీగోడకు తూము పెట్టించితిని. నాలుగు వానలు కురిసిన తరువాత ప్రక్కయింటావిడ గోడ దగ్గర నిలబడి, "అన్నయ్యగారూ, మీ పెరడు అద్దంలా ఉంది గాని, మా దేవుడి గది గోడ చెమ్మెక్కిపోతోందండీ" అనినది. అందులో కోపము లేదు. కోపముండినచో నాకు కొంత సులువుగ నుండెడిది. ఆ మరుసటి వేసవిలో మరియొక సంగతి. మా అమ్మగారు ప్రతి సాయంకాలము మునగచెట్టు క్రింద నులకమంచము వేయించుకొని కూర్చుండెడివారు. ఆ యేడు సూర్యాస్తమయమైన రెండు గంటలకు గూడ నేల పెనమువలె సెగ విడుచుచుండెను. ఆమె నన్నేమియు అనలేదు. "మంచం లోపల వేయరా" అనినది, అంతే. రెండవ యేట గాలివానకు మునగ కూలినది. చూడగా వేళ్లు కుళ్లియున్నవి.

అప్పుడు గునపము పట్టితిని. ఆదివారములందు కొంచెము కొంచెముగ పగులగొట్టుచు పోయితిని. ఆ తరువాత చేసిన పనులే నేడు చెప్పబోవుచున్నాను. ఇవన్నియు పలుగు, పార, తట్ట ఉన్న యే గృహస్థుడైనను సెలవుదినములలో చేసికొనదగినవే. కాగితము, పెన్సిలు దగ్గర నుంచుకొన్నవారు కొలతలు వ్రాసికొనవచ్చును.

మొదట లెక్క యొకటి చూడుడు. ఒక చదరపు మీటరు చోట ఒక మిల్లీమీటరు వాన పడినచో అది సరిగా ఒక లీటరు నీరగును. మా డాబా సుమారు 90 చదరపు మీటర్లు. సాయంకాలము ఉరిమి 30 మిల్లీమీటర్ల వాన కురిసినచో, డాబా మీదనే 2,700 లీటర్ల నీరు పడినది. అనగా 200 లీటర్ల డ్రమ్ములు పదమూడు నిండి ఇంకను మిగులును. పెరటి సిమెంటు మీద పడినది వేరు. ఇంత నీరు ఒక్క గంటలో ఒక్క తూముగుండ పొరుగువారి గోడ మీదికి పోవుచుండెను. అదే వేసవిలో మేము ట్యాంకరు కొరకు వీథిచివర ఎదురు చూచుచుంటిమి. ఈ రెండు సంగతులను కలిపి చూచుటకు నాకు రెండేండ్లు పట్టినది.

ఇక పని. వాన పడుచుండగా గొడుగు వేసికొని పెరటిలోనికి పొండు. నీరు నిలిచిన చోట, పారిన చోట చిన్న పుల్లలు గుచ్చి రండు. వాన వెలిసిన పిదప ఆ పుల్లల ననుసరించి ముగ్గుపిండితో గీత గీసినచో పెరటి నీటిదారి కన్నులకు కట్టును. ఎండకును ఇదే విధము. ఉదయము 8 గంటలకు, మధ్యాహ్నము 12 గంటలకు, సాయంకాలము 4 గంటలకు ఇంటినీడ యెంతవరకు వచ్చుచున్నదో ముగ్గుతో గుర్తింపుడు. ఇందులో మోసపోవు చోటొకటి యున్నది. డిసెంబరులో మధ్యాహ్నపు సూర్యుడు దక్షిణమునకు బాగుగా వాలియుండును. అప్పుడు 10 అడుగుల ఎత్తు గోడనీడ ఉత్తరమున దాదాపు తొమ్మిది అడుగుల వరకు పడును. అది చూచి ఉత్తరపు వైపంతయు చల్లని చోటని యెంచి నీడమొక్కలు పెట్టుదుము. కాని హైదరాబాదు ప్రాంతమున మే రెండవ వారము మొదలు జూలై చివరివరకు మధ్యాహ్నసూర్యుడు నడినెత్తికి కొంచెము ఉత్తరముననే యుండును. ఆ నీడ ఉండనే యుండదు. మే నెలలో ఆ మొక్కలు మాడిపోవును. కాబట్టి నీడను చలికాలమున నొకసారి, వేసవిలో నొకసారి చూడవలెను.

తరువాతిది వాటము. ఇంటిగోడ దగ్గర నేల ఎత్తుగా నుండి, దూరము పోయిన కొలది పల్లమగుచుండవలెను. నాలుగడుగులకు ఒక అంగుళము చొప్పున వాలు ఉన్నచో చాలును. ఇంతకంటె తక్కువైనచో గోడమూలమున నీరు నిలుచును. కంటితో చూచి వాలు చెప్పగలమనుకొనుట భ్రమ. నేను రెండు పర్యాయములు భ్రమపడితిని. రసమట్టము లేనివారు 20 అడుగుల పారదర్శకమైన గొట్టము నొకదానిని తెచ్చి, లోపల గాలి బుడగలు లేకుండ నీరు నింపవలెను. ఒక కొస మీరు, మరియొక కొస ఇంటిలో నొకరు పట్టుకొనుడు. రెండు కొసలందును నీటిమట్టము ఎల్లప్పుడును ఒక్క యెత్తుననే నిలుచును. అచ్చట కొయ్యల మీద గుర్తులు పెట్టి, ఆ గుర్తులనుండి నేల వరకు కొలిచినచో ఏది యెంత పల్లమో తెలియును. తాపీపనివారు ఇల్లు కట్టునప్పుడు చేయు పని యిదే. మా మనుమడు ఈ గొట్టముతో ఒక దినమంతయు ఆడుకొన్నాడు. పెరటిలో ఎగుడుదిగుడులన్నియు వానికి కంఠస్థమైనవి.

వాటము తెలిసిన పిదప అన్నిటికంటె పల్లమైన చోటును చూచి ఇంకుడు గుంత తీయవలెను. ఇది క్రొత్త సంగతి కాదు. 2000లో ఆనాటి ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వము 'నీరు-మీరు' కార్యక్రమము ఆరంభించినది. 2002లో నీరు, భూమి, చెట్లకు సంబంధించిన చట్టము గూడ వచ్చినది. అప్పటినుండియు ఈ గుంతను గూర్చి అందరును వినియే యున్నారు. విన్నవారెక్కువ, తీసినవారు తక్కువ. తీసినవారిలో ఏటేట శుభ్రము చేయువారు మరియు తక్కువ.

గుంత తీయుటకు ముందు నేలను పరీక్షింపవలెను. ఒక అడుగు లోతున చిన్న గుంట తీసి నీటితో నింపుడు. అది ఇంకిన పిదప మరల నింపి కాలము చూడుడు. రెండు మూడు గంటలలో ఇంకినచో మంచిది. మా ఎర్రమట్టి, దాని క్రింది మొరము అట్టివే. మరునాటి ఉదయమునకు గూడ నీరు నిలిచియున్నచో అచ్చట గుంత తీయుట వ్యర్థము, దోమలకు ఇల్లు కట్టియిచ్చుటయే. గుంటూరు, కృష్ణా ప్రాంతముల నల్లరేగడిలో తరచు ఇట్లే యగును. వానాకాలమున కొద్ది లోతుననే ఊట కనబడు డెల్టా గ్రామములలో గూడ గుంత యక్కరలేదు. అట్టివారు గుంతకు బదులు పల్లపు చోట విశాలమైన మళ్లు చేసి, జానెడు లోతున నీరు పరచుకొని మెల్లగా ఇంకునట్లు చేయుట మేలు.

మా గుంత కొలతలు 3 అడుగుల పొడవు, 3 అడుగుల వెడల్పు, 4 అడుగుల లోతు. ఇంటిగోడకు 10 అడుగుల దూరమున నున్నది. మరుగుదొడ్డి తొట్టికి దూరముగ నుండుట ముఖ్యము. తవ్వుటకు ముందు భూమిలో నీటిగొట్టములు, కరెంటు తీగెలు ఏ దారిని పోవుచున్నవో తెలిసికొనుడు. నడుములోతు దాటిన పిదప వదులైన అంచులు విరిగి మీద పడవచ్చును గనుక ఒంటరిగా తవ్వరాదు. చిన్నపిల్లలున్న యింట పని ముగియువరకు రాత్రులందు గుంతమీద బలమైన పలకలు పరవవలెను. అడుగున తలకాయంత రాళ్లు, వానిమీద పిడికెడంత రాళ్లు, ఆపైన చిన్న కంకర, అన్నిటికంటె పైన జానెడు మందమున ఇసుక. నాకు రాళ్లు కొనుపని లేకపోయెను. పగులగొట్టిన సిమెంటు పెంకులన్నియు అడుగుననే పడినవి. దానితో నాకు కలిగిన తృప్తి యింతింత గాదు.

ఇచ్చట ఒక నిజము చెప్పవలెను. ఈ కొలతల గుంత ఖాళీగా నున్నప్పుడు వేయి లీటర్లకు కొంచెము ఎక్కువ పట్టును. రాళ్లు నింపిన తరువాత వాని సందులలో పట్టునది సుమారు 400 లీటర్లే. డాబానీరు 2,700 లీటర్లు ఒక్కసారిగ వచ్చినచో గుంత పొర్లును. కాబట్టి పొర్లిన నీటికి దారి ముందే చూపవలెను. మా గుంత పొర్లి అరటిమడిలోనికి పోవును. అదియు నిండినచో వీథికాలువలోనికి పోవును. పొరుగువారి వైపునకు మాత్రము పోదు. అచ్చటి తూమును నేనే మూసివేసితిని. మరియొక నిజము. గుంత తీసిన మరుసటి వేసవికి మన బోరు నిండునని యెవరైన చెప్పినచో నమ్మకుడు. మా ప్రాంతమున క్రింద నల్లసేనపు రాయి. నీరు ఆ రాతి పగుళ్లవెంట పోవును. అది మన బోరునకు చేరునో, ప్రక్కవారి బోరునకు చేరునో చెప్పుట కష్టము. పోనిండు, చేరిన చోట చేరును.

ఈ గుంతలోనికి వాననీరు మాత్రమే పోవలెను. స్నానపు నీరు, అంట్లు తోమిన నీరు పోరాదు. జిడ్డు, సబ్బు ఇసుకను మూసివేయును. తొలకరినాటి మొదటి వాన డాబామీది దుమ్మును, పక్షుల రెట్టలను కడిగి తెచ్చును గనుక దానిని గుంతలోనికి విడువక బయటికి పోనిత్తుము. ఏటేట రోహిణికార్తెలో, మృగశిర రాకముందు, పైనున్న ఇసుక తీసి బాగుగ కడిగి మరల పోయవలెను. ఈ పనికి ఒక పూట చాలును. ఈ యొక్క పూట చేయనివారి గుంత మూడేండ్లలో మూసికొనిపోవును.

స్నానపు నీటికి వేరు మార్గమున్నది. మా స్నానాల గదినుండి వచ్చు గొట్టము కొసను 8 అడుగుల పొడవు, 2 అడుగుల వెడల్పు, ఒక అడుగు లోతు గల మడిలోనికి త్రిప్పితిని. నీరు పడుచోట ఒక తట్టెడు కంకర పోసితిని. మడిలో రెండు అరటిపిలకలు, వాని నడుమ మెట్టతామర దుంపలు నాటి, నేలపై ఎండుటాకు కప్పితిని. వీనికి నీరెంతయైనను ప్రీతియే. అరటి గెల వేసిన తరువాత ఆ చెట్టు మరల కాయదు గనుక దానిని కొట్టివేసి ఒక పిలకను మాత్రము పెంచవలెను. అన్ని పిలకలను విడిచిపెట్టినచో గెలలు చిన్నవగును. ఈ మడిలో తోటకూర, కొత్తిమిరవంటి ఆకుకూరలు వేయరాదు; సబ్బునీరు ఆకులకు తగులును. బట్టలు ఉతికిన పొడినీరు రోజును ఒకేచోట పోయుచున్నచో దానిలోని ఉప్పులవలన మట్టి గట్టిపడును, రేగడి నేలలలో మరియు త్వరగా. అందుచే ఆ నీటిని కాలువలోనికే విడుచుట మంచిది. మడిలో నీరు ఎన్నడును నిలిచి కనబడరాదు. దోమ గ్రుడ్డు పెట్టినది మొదలు పిల్లదోమ రెక్కలతో ఎగురుటకు వారము, పదిదినములు చాలును. పెరటిలోని పూలకుండీల పళ్లెములు, పగిలిన గోలెములు, పాత టైర్లు వారమున కొకసారి బోర్లించుట యీ లెక్కవలననే.

ఇప్పుడు బాట. బురద కాళ్లతో లోపలికి వచ్చుచున్నదని గదా నేను సిమెంటు చేయించినది! ఆ బాధ నిజమైనదే. కాని బాధ నడచు దారిలోనే యున్నది, పెరడంతట లేదు. మనము పెరటిలో ఎటు నడచుచున్నామో పదిదినములు గమనించినచో నేలయే చూపును. గడ్డి అరిగిన గీత కనబడును. మా యింట అది గుమ్మమునుండి బట్టలు ఆరవేయు తీగెకు, అచ్చటినుండి కరివేపచెట్టునకు. ఆ గీత మీదనే రాళ్లు పరవవలెను. నాపరాళ్లు, కడప బండలు, షాబాదు, తాండూరు బండలు, ఎవరి ప్రాంతమున ఏవి చవుకగ దొరకునో అవి. బండలు అమ్ముచోట విరిగిన ముక్కలు తక్కువ ధరకు ఇత్తురు. నునుపు చేసినవి తీసికొనరాదు. తడిసినప్పుడు కాలు జారును.

రాతిమందము గాక మూడంగుళముల లోతున మట్టి తీసి, నేలను దిమ్మిసతో బాగుగ కొట్టి, మూడంగుళముల ఇసుక పరచి, దానిమీద రాయి కూర్చవలెను. రాయి నలుమూలల నొక్కి చూచినప్పుడు ఊగరాదు. ఊగినచో రాయెత్తి ఆ మూల ఇసుక చేర్చవలెను. రాయికి రాయికి నడుమ రెండంగుళముల సందు విడిచి, మట్టి నింపి, గరికవేళ్లు నాటినచో వాననీరు ఆ సందులగుండ భూమిలోనికి దిగును. సిమెంటు చుక్కయైన అక్కరలేదు. ఏనాడైన దారి మార్చవలెననిపించినచో రాళ్లెత్తి మరియొక చోట పెట్టుకొనవచ్చును. రేగడి నేలలలో మాత్రము లోతు ఎక్కువ తీసి, ఇసుక క్రింద ఆరంగుళముల మొరము వేసి కొట్టవలెను. ఆ మట్టి తడిసి ఉబ్బి, ఎండి పగులుచుండుటచే రాళ్లు కదలిపోవును.

వేళ్లకు, వయసునకు తగినట్లు కొలతలు మారును. పుస్తకములు రెండడుగుల కొక రాయి యని చెప్పును. మా అమ్మగారి అడుగు అంత దూరము పడదు. ఆమెను పెరటిలో మెల్లగా నడిపించి, పాదము పడిన చోటనెల్ల ముగ్గుచుక్క పెట్టితిని. చుక్కకు చుక్కకు అడుగున్నర కూడ లేదు. అందుచే విడిరాళ్లు మాని, మంచము వరకు బండలు వరుసగ పరచి, సందులు సన్నముగ నుంచితిమి. ప్రక్కన చేతిపట్టుకు వెదురుబొంగు కట్టితిమి. ఇంటిలో పెద్దవారున్నచో వారి అడుగే కొలబద్ద.

పడమటి గోడ సాయంకాలపు ఎండకు కాగి, రాత్రి పడకగదిని ఉడికించును. దానికి పందిరి మంచి మందు. ఆరేడు సరుగుడు బాదులు తెచ్చి, భూమిలో దిగు కొసకు చెదపట్టకుండ తారు పూసి, రెండడుగుల లోతున పాతవలెను. తలకు తగులకుండ ఏడడుగుల ఎత్తున అడ్డవాసములు కట్టి, పురికొసతో వల అల్లవలెను. గోడకును పందిరికిని నడుమ మూరెడు ఖాళీ ఉండనిండు. ఆ సందున గాలి ఆడుటవలననే గోడ చల్లబడును. తీగెను గోడకే ప్రాకించుట అందమే గాని చెమ్మ పట్టును. బీర, సొర తొందరగా అల్లుకొనును. దొండ ఒకసారి కొమ్మ నాటినచో ఏండ్ల తరబడి యుండును. పందిరి చిక్కుడు పొద్దు తగ్గిన పిదపనే పూయును గనుక వేసవినీడకు దానిని నమ్ముకొనుట పొరపాటు, పైగా పేనుబంక కొకచోటు. సన్నజాజి యుండిన రాత్రి కిటికీ తీసి పడుకొనవచ్చును. మాది దొండ, సన్నజాజి కలిసిన పందిరి. రెండును ఒకదానిలో నొకటి అల్లుకొని, పూలు కోయబోయినవారు దొండకాయలతో తిరిగివచ్చెదరు.

మొక్కల మాట చివరకు వచ్చినది, త్వరగనే ముగింతును. మునగను గింజతో గాక మణికట్టు లావు గల మూడడుగుల కొమ్మతో నాటుడు. నీరు నిలువని మెరక చోట మాత్రమే. మా పాత మునగ చచ్చిన కారణము నేర్పిన పాఠమిది. పారిజాతము పూలు తెల్లవారునప్పటికి రాలును. అవి రాలు చోట ఊడ్చి అలికిన నేల యుండవలెను, తూమును గాదు. మల్లెకు డిసెంబరు, జనవరి నెలలలో నీరు తగ్గించి, కొమ్మలు మోకాలి యెత్తునకు కత్తిరించి, ఫిబ్రవరిలో ఎరువు వేసి నీరు పెట్టినచో వేసవినిండ పూయును. కత్తిరించుటకు మా యింట ఎవరికిని చేతులాడవు. నేను ఊరిలో లేనప్పుడు మల్లెలు కత్తిరింపబడవు. దడికి గోరింట శ్రేష్ఠము. ఎండకు తట్టుకొనును, పూల వాసన చల్లగ నుండును, ఆషాఢమున ఆడపిల్లలు ఆకు కోయుటచే కత్తెరపని గూడ తగ్గును. రావి, మర్రి మొలకలు గోడపగుళ్లలో కనబడిన దినముననే తీసివేయవలెను.

వాకిలిని గూర్చి నాకును మా యింటావిడకును వాదము వచ్చినది. అచ్చట గూడ పూలమడి చేయుదమని నా కోరిక. "ముగ్గు ఎక్కడ పెట్టను, మీ మడిలోనా?" అని ఆమె యడిగినది. ఆరడుగుల చోటు మట్టినేలగనే మిగిలినది. ప్రతి ఉదయము కళ్లాపి చల్లుటచే దాని మీద దుమ్ము లేవదు, నీరు దానిలోననే యింకును. సిమెంటు పూర్తిగ పోయినదనుకొనకుడు. అంట్లు తోము చోట, బట్టలు ఉతుకు చోట నాలుగడుగుల చప్టాను అట్లే యుంచితిమి. అచ్చట మట్టి పనికిరాదు.

ఈ పనులన్నియు ఒక్క నెలలో కావు. గుంతకు రెండు ఆదివారములు పట్టినవి, బాటకు మూడు, పందిరికి ఒకటి. సిమెంటు పగులగొట్టుటకే ఆరు పట్టినవి. మొదట నీటిగుంత, తరువాత బాట, ఆపైన పందిరి, చివరకు మొక్కలు, ఈ వరుస తప్పరాదు. వరుస తప్పి మొక్కలు ముందు నాటినచో గుంత తవ్వునాడు వాని వేళ్లమీదనే గునపము పడును. వేసవి చివర ఒక జల్లు పడి మట్టి మెత్తబడినప్పుడు తవ్వకము మొదలిడి, మృగశిరనాటికి గుంత సిద్ధము చేసికొనుడు.

మా అమ్మగారు తరువాత నాలుగు వేసవులు ఆ పెరటిలోననే కూర్చుండిరి. ప్రక్కయింటివారి దేవుడి గది గోడ ఎండినది. తిరిగి సున్నము కొట్టించుటకు సగము ఖర్చు నేనిచ్చితిని, వారు వద్దనినను. పోయిన వేసవిలో వారి అబ్బాయి వచ్చి, "మామయ్యగారూ, మా పెరట్లో సిమెంటు తీయిద్దామనుకుంటున్నాం, మీ గునపం ఒకసారి ఇస్తారా?" అని అడిగినాడు. గొట్టము, గునపము రెండును ఇచ్చితిని. గొట్టము తెచ్చి యిచ్చినాడు. గునపము ఇంకను అక్కడనే యున్నది.